ఒకే అల్పపీడనం, మూడు ఊళ్లలో మూడు రకాల చలి

డిసెంబరు మొదటి వారంలో మా ఇంట్లో ఫోన్లు ఎక్కువగా మోగుతాయి. అన్నయ్యది బాపట్ల పక్కన పల్లె, వరి వేస్తాడు. చెల్లి ఆదిలాబాద్ ఏజెన్సీలోని ఉట్నూరులో టీచరు. నేను హైదరాబాద్‌లో ఉంటాను. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో స్క్రోలింగ్ మొదలవగానే అన్నయ్య ఫోను. "ఒరే, కోత మిషనుకు అడ్వాన్సు ఇచ్చేశాను. రమ్మనమంటావా, ఆపమంటావా?" సాయంత్రానికి చెల్లి. "అన్నయ్యా, ఇక్కడ చలి తగ్గింది తెలుసా? మొన్నటిదాకా రెండు దుప్పట్లు కప్పుకున్నాం. రాత్రి ఒకటి తీసేశాం." నేనేమో పట్టపగలు పన్నెండింటికి స్వెట్టరు వేసుకుని మూడో టీ తాగుతూ ఉంటాను.

ముగ్గురికీ కారణం ఒకటే అల్పపీడనం. అన్నయ్యకు అది వాన. నాకు పగటి చలి. చెల్లికి రాత్రి వెచ్చదనం. టీవీలో మాత్రం ముగ్గురికీ కలిపి ఒకే మాట చెబుతారు: "అల్పపీడన ప్రభావంతో వర్షాలు, పెరగనున్న చలి." ఈ మాట ముగ్గురిలో ఏ ఒక్కరికీ పూర్తిగా సరిపోదు.

శీతాకాలం తొలి రోజుల్లో వచ్చే వానల వారాన్ని అర్థం చేసుకోవాలంటే, అల్పపీడనం ఉందా లేదా అని అడిగితే సగమే తెలుస్తుంది. అది మన ఊరికి ఏ పక్కన ఉందో కూడా అడగాలి. మిగతా లెక్కంతా చాలావరకు అక్కడి నుంచే వస్తుంది.

గాలికి వీపు పెట్టి నిలబడితే

భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న మనకు, అల్పపీడనం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో దీన్ని సులువైన సూత్రంగా చెప్పాడు. గాలి వచ్చే వైపుకు వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. ఏ యాప్ అక్కర్లేదు, డాబా ఎక్కితే చాలు. ఊళ్లో ఎత్తయిన భవనాల మధ్య గాలి దారి తప్పుతుంది కాబట్టి కాస్త ఖాళీ జాగా చూసుకోవాలి, అంతే.

ఇప్పుడు దీన్ని మన తీరానికి అన్వయిద్దాం. అల్పపీడనం చెన్నై ముందు సముద్రంలో ఉందనుకోండి. నెల్లూరు, ఒంగోలు, బాపట్ల దానికి ఉత్తరాన పడతాయి. ఉత్తరం పక్కన గాలి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. అంటే సముద్రం మీదుగా వందల కిలోమీటర్లు తేమ పోగేసుకుంటూ నేరుగా మన మీదికి వస్తుంది. పాత రైతులు తూరుపు గాలి పట్టిందంటే ముసురు తప్పదనేది దీన్ని చూసే.

అదే అల్పపీడనం కాస్త పైకి జరిగి బాపట్లకు సరిగ్గా ఎదురుగా సముద్రంలో ఆగితే? బాపట్ల దానికి పడమర అవుతుంది. పడమర పక్కన గాలి ఉత్తరం నుంచి దక్షిణానికి వీస్తుంది. తీరం వెంట వీచే గాలిలో కొంత తేమ ఉంటుంది కాబట్టి తీరానికి వాన కొంత వస్తూనే ఉంటుంది. లోపలికి, హైదరాబాద్ వైపుకు వచ్చేది మాత్రం విదర్భ, ఛత్తీస్‌గఢ్ మీదుగా దిగే పొడి చల్లగాలి. పైన మబ్బు, కింద ఉత్తర గాలి. నా స్వెట్టరుకు కారణం అది.

ఇంకా పైకి, కళింగపట్నం ముందుకు పోతే బాపట్ల దానికి నైరుతిలో పడుతుంది. అప్పుడు గాలి వాయవ్యం నుంచి, అంటే నేల మీదుగా వస్తుంది. ఆకాశం తేటపడుతుంది. శ్రీకాకుళంలో కుండపోత పడుతున్న రోజునే బాపట్లలో బట్టలు ఆరుతాయి.

వాతావరణ సూచనలో "పశ్చిమ వాయవ్య దిశగా కదులుతూ" అన్న ముక్కను చాలామంది చదవకుండా దాటేస్తారు. కానీ మన వారమంతా ఆ ముక్కలోనే ఉంది.

ఈ లెక్క మరిచిపోతే ఎంత నష్టమో 2021 నవంబరు చూపించింది. ఆ నెల 19న తెల్లవారుజామున ఒక వాయుగుండం పుదుచ్చేరికి, చెన్నైకి మధ్య తీరం దాటింది. తుపాను కూడా కాదు కాబట్టి దానికి పేరు లేదు. కానీ అది దక్షిణాన ఉండటం వల్ల తూర్పు గాలి మొత్తం తిరుపతి, కడప కొండలకు ఎదురుగా వచ్చి తగిలింది. కొండకు తగిలిన తేమగాలి పైకి లేస్తుంది, లేచి చల్లబడి కురుస్తుంది. తిరుమల ఘాట్ రోడ్లు తెగాయి. చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్లను నీళ్లు ఊడ్చేశాయి. "తుపాను కాదులే" అన్న ధీమా ఎంత ప్రమాదమో అర్థం కావడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. అల్పపీడనం, వాయుగుండం, తుపాను అన్న మెట్లు గాలి వేగాన్ని బట్టి పెట్టినవి. గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50 దగ్గర తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను. వాన ఎంత పడుతుందో ఆ మెట్లు చెప్పవు.

చలి ఒకటి కాదు

చెల్లి దుప్పటి ఎందుకు తీసేసింది? ఏజెన్సీలో చలి పుట్టేది రాత్రిపూట, తేటగా ఉన్న ఆకాశం కింద. పగలు నేల పోగేసుకున్న వేడి రాత్రి పైకి వెళ్లిపోతుంది. గాలి కదలకుండా, మబ్బు లేకుండా, తేమ తక్కువగా ఉంటే ఆ వేడికి అడ్డే ఉండదు. చల్లగాలి బరువైనది కాబట్టి లోయల్లోకి జారి నిలుస్తుంది. లంబసింగి, చింతపల్లి, అరకు, ఇటు సిర్పూర్, తిర్యాణి, కోహీర్ పేర్లు ప్రతి డిసెంబరులో పేపర్లో కనిపించేది అందుకే. ఇది పొడి చలి. తెల్లవారుజామున ఎముకలు కొరుకుతుంది, పదింటికల్లా ఎండ కాస్తే మాయమవుతుంది.

అల్పపీడనం తేమను లోపలికి తోసి ఆకాశాన్ని మబ్బుతో కప్పగానే ఈ చలికి పని లేకుండా పోతుంది. మబ్బు నేలకు దుప్పటి. కనిష్ఠ ఉష్ణోగ్రత రెండు రోజుల్లో ఏడెనిమిది డిగ్రీలు పెరగడం ఏజెన్సీలో వింతేమీ కాదు. చెల్లికి ఒక దుప్పటిని ఆకాశమే ఇచ్చింది మరి.

ముసురు చలి ఇంకో రకం. అది పగటి చలి. మబ్బు ఎండను ఆపుతుంది కాబట్టి గరిష్ఠ ఉష్ణోగ్రత పెరగదు. రాత్రి వేడిని కూడా ఆపుతుంది కాబట్టి కనిష్ఠం దిగదు. తెల్లవారి 20, మధ్యాహ్నం 23 అన్నట్టు రోజంతా ఒకేలా సాగుతుంది. అంకె చూస్తే 20 డిగ్రీలు చలేమీ కాదు. ఊటీకి డబ్బులిచ్చి మరీ వెళ్లేది ఆ అంకె కోసమే. కానీ డిసెంబరులో మధ్యాహ్నం 28 డిగ్రీలకు అలవాటుపడిన ఒంటికి, తడి బట్టలతో, ఈదురు గాలిలో 22 అంటే వణుకే.

దీనికి తోడు వాన స్వయంగా గాలిని చల్లబరుస్తుంది. ఇది చాలామందికి తట్టదు. పైనుంచి పడే చినుకు కింది పొడి గాలిలో కొంత ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి తీసుకునే వేడి, అదే గ్రామును సున్నా నుంచి 100 డిగ్రీలకు కాచడానికి పట్టే వేడికి ఐదు రెట్లకు పైనే. ఆ వేడిని అది చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఇలాగే. గాలి 28 డిగ్రీల దగ్గర ఉండి తేమ సగం కన్నా తక్కువ ఉంటే, వాన కురుస్తున్నకొద్దీ అది 20 డిగ్రీల దాకా దిగగలదు. గాలి ఎంత పొడిగా ఉంటే అంత దిగుతుంది. కాబట్టి ఉత్తరం నుంచి పొడిగాలి వస్తుండగా దాని మీద వాన పడితే రెండు చలులూ కలుస్తాయి.

సరిగ్గా అదే జరిగింది 2018 డిసెంబరులో. పెథాయ్ తుపాను ఆ నెల 17న మధ్యాహ్నం కాట్రేనికోన ప్రాంతంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 75 నుంచి 85 కిలోమీటర్లు, మన తీరం చూసిన తుపానులతో పోలిస్తే పెద్దదేం కాదు. అది బంగాళాఖాతంలో దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి నడిచింది. తెలంగాణ, కోస్తా లోపలి భాగాలు మొత్తం దానికి పడమరన పడ్డాయి. పైన తుపాను మబ్బు, కింద ఉత్తరాది పొడి చల్లగాలి, మధ్యలో వాన. పగటి ఉష్ణోగ్రతలు బాగా పడిపోయాయి. చలికి వృద్ధులు చనిపోయిన వార్తలు రెండు రాష్ట్రాల నుంచీ వచ్చాయి. ఆ పొడిగాలి తుపాను లోపలికి చొరబడి దాన్నే బలహీనపరిచింది కూడా. తీరం దాటాక ఎక్కువసేపు నిలబడలేదు. ఆ వారం గురించి అడిగితే మా ఊళ్లో ఎవరూ గాలి గురించి చెప్పరు, చలి గురించే చెబుతారు.

అయిదేళ్ల తర్వాత 2023 డిసెంబరు 5న మిగ్‌జామ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అది చెన్నై నుంచి తీరాన్ని రాసుకుంటూ పైకి వచ్చింది. కాబట్టి నెల్లూరు, ప్రకాశం, బాపట్ల చాలాసేపు దానికి ఉత్తరాన, తూర్పు గాలిలో ఉండిపోయాయి. వాన దంచింది. తీరం దాటాక దాని మిగులు ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం వైపు కూడా వానలు కురిపించింది. రెండూ డిసెంబరు తుపానులే, రెండూ మన తీరాన్నే దాటాయి. ఒకటి చలితో గుర్తుంది, ఒకటి నీళ్లతో. తేడా దారిలో ఉంది.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి. వాతావరణ శాఖ లెక్కలో "చలిగాలులు" అనాలంటే మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకు కిందికో దిగి, అది అక్కడి సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు తక్కువ ఉండాలి. తీరప్రాంతానికి ఆ హద్దు 15 డిగ్రీలు. "శీతల దినం" అనడానికి కూడా, పగలు ఎంత చల్లగా ఉన్నా, రాత్రి కనిష్ఠం 10 డిగ్రీల లోపు ఉండాలన్న షరతు ఉంది. ఉత్తరాది పొగమంచు రోజులను దృష్టిలో పెట్టుకుంటే ఆ కొలత సరిపోతుంది. మన ముసురు చలిలో రాత్రి 18, 19 డిగ్రీల కన్నా దిగదు కాబట్టి, పగలు ఎంత వణికించినా అది చలి హెచ్చరిక కిందికి రాదు. బులెటిన్లో వాన గురించి నాలుగు పేరాలుంటాయి, చలి గురించి ఒక్క మాట ఉండకపోవచ్చు. ఇది మన కొలతలో ఉన్న లోటని నా అభిప్రాయం. ఫుట్‌పాత్ మీద తడిసి పడుకున్న మనిషికి 19 డిగ్రీల గాలి సాధారణం కన్నా ఎక్కువా తక్కువా అన్నది పట్టదు.

బులెటిన్ భాష

వాతావరణ కేంద్రం ఇచ్చే సూచన చదివితే ఏదో పద్యానికి టీకా తాత్పర్యం చదివినట్టు ఉంటుంది. "సముద్ర మట్టానికి 3.1 కి.మీ. ఎత్తు వరకు ఉపరితల ఆవర్తనం విస్తరించి, ఎత్తుకు వెళ్లే కొద్దీ నైరుతి దిశగా వంగి ఉంది." ఆవర్తనం అంటే సుడి తిరిగే గాలి. ఈ 3.1 ఎక్కడిది, మూడు అనొచ్చు కదా అని నాకు చాలా ఏళ్లు సందేహం. గాలిని కొన్ని స్థిరమైన పీడన మెట్ల దగ్గర చూస్తారు. ఆ మెట్లు సుమారు 1.5, 3.1, 5.8 కిలోమీటర్ల ఎత్తులో వస్తాయి. ఉదయం 5.30కి, సాయంత్రం 5.30కి బెలూన్లు ఎగరేసి ఆ మెట్ల దగ్గర గాలి ఎటు వీస్తోందో కొలుస్తారు. కాబట్టి ఆ అంకెను ఎత్తుగా కాక లోతుగా చదువుకోవాలి. ఆవర్తనం 1.5 కిలోమీటర్ల దాకానే ఉంటే పలచనిది, చిరుజల్లులతో పోవచ్చు. 5.8 దాకా పాకితే దానికి వేళ్లు గట్టిగా ఉన్నట్టు. వంగి ఉంది అంటే పైభాగం, కింది భాగం ఒక నిలువులో లేవని. బాగా వంగిన దానికి బలపడే అవకాశం తక్కువ, వాన కూడా ఒక పక్కనే ఎక్కువ పడుతుంది. ద్రోణి అంటే గుండ్రంగా లేకుండా పొడుగ్గా సాగిన తక్కువ పీడనం, మబ్బులకు కాలువ లాంటిది.

తర్వాత వాన మాటలు. భారీ వర్షం అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 దాకా. అతి భారీ 204.4 దాకా, దాన్ని దాటితే అత్యంత భారీ. మిల్లీమీటరు అనేసరికి చిన్నగా వినిపిస్తుంది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే నాలుగు వేల లీటర్ల పైమాటే. భారీ వర్షానికి కింది హద్దు 64.5 పడినా ఎకరానికి 2.6 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 52. అన్నయ్యకు ఇలా చెబితేనే ఎక్కింది. "మన పంటకాలువ తూము ఒక రాత్రిలో అంత లాగలేదురా" అన్నాడు.

అంతకన్నా ముఖ్యమైనది "ఒకటి రెండు చోట్ల" అన్న మాట. దీన్ని రచయిత మొహమాటం అనుకుంటారు. దానికీ లెక్క ఉంది. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు లోపు. కొన్ని చోట్ల అంటే సగం దాకా. అనేక చోట్ల అంటే సగానికి పైన, మూడొంతుల దాకా. ఆ పైన దాదాపు అన్ని చోట్లా. "కోస్తాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు" అని చెప్పిన రోజున మీ ఊళ్లో చుక్క పడకపోతే సూచన తప్పినట్టు కాదు. నాలుగింట మూడు చోట్ల భారీ వాన ఉండదనే వాళ్లు చెప్పింది. ఫోన్ యాప్‌లో కనిపించే 60 శాతం కూడా ఇలాంటిదే, ఇలాంటి పది రోజులు వస్తే ఆరు రోజులు అక్కడ వాన పడుతుందని అర్థం. రోజులో 60 శాతం సేపు పడుతుందని కాదు.

రంగులు వాన కొలత మీద మాత్రమే ఆధారపడవు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే ఇక కదలండి. అంత వాన ఆ చోట ఎంత నష్టం చేయగలదన్నది కూడా అందులో కలుస్తుంది. ఒక్కసారే పడిన ఏడు సెంటీమీటర్లు పొలం తాగగలదు, నగరంలో నాలా తాగలేదు.

ఇంకొక చిన్న మెలిక, వాన రోజు ఉదయం 8.30కి మొదలై మరుసటి ఉదయం 8.30కి ముగుస్తుంది. అయిదో తేదీ వర్షపాతం అని రాసిన దాంట్లో నాలుగో తేదీ రాత్రి వానే ఎక్కువ ఉండొచ్చు. పేపర్లో అంకెకూ మన జ్ఞాపకానికీ పొంతన కుదరనప్పుడు ముందు ఇది చూసుకోవాలి.

వారం ముందు ఎంత చెప్పగలరు

వాట్సాప్‌లో ప్రతి నవంబరులో ఒక రంగుల బొమ్మ తిరుగుతుంది. పన్నెండు రోజుల తర్వాత మచిలీపట్నం మీద ఊదా రంగులో పెద్ద సుడి. కింద "షేర్ చేయండి, ప్రాణాలు కాపాడండి." ఆ బొమ్మ అబద్ధం కాదు, కంప్యూటర్ నిజంగానే గీసింది. కానీ అదే కంప్యూటర్ ఆరు గంటల తర్వాత గీసిన బొమ్మలో ఆ సుడి బర్మాలో ఉంటుంది. దాన్ని ఎవరూ షేర్ చేయరు. ఈ రోజు లెక్క మొదలుపెట్టే అంకెల్లో ఉన్న చిన్న తేడా రోజులు గడిచేకొద్దీ పెరుగుతూ పోతుంది. అందుకే శాఖ వాళ్లు ఒకే లెక్కను నమ్మకుండా, మొదటి అంకెలను కొద్దికొద్దిగా మార్చి పదులకొద్దీ లెక్కలు నడుపుతారు. అన్నీ ఒకే చోట కలిస్తే నమ్మకం, చెల్లాచెదురైతే "మరింత స్పష్టత రావాల్సి ఉంది."

తుపాను ఎక్కడ ఉంటుందని చెప్పడంలో మన శాఖ సగటు తేడా 24 గంటల ముందు 70, 80 కిలోమీటర్ల దాకా వచ్చింది. మూడు రోజుల ముందయితే దానికి రెట్టింపు. ఇది చిన్న విజయం కాదు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమకు ఇలాంటి సమాచారం అందలేదు, వేల ప్రాణాలు పోయాయి. అయినా 150 కిలోమీటర్ల తేడా అంటే ఒంగోలుకూ నెల్లూరుకూ మధ్య దూరం కన్నా ఎక్కువ. అల్పపీడనం ఆ మేరకు పైకో కిందికో జరిగితే తూర్పు గాలి ఉత్తర గాలి అవుతుంది, అన్నయ్య వాన నా చలి అవుతుంది. దిశ చెప్పడం ఇంత కష్టం కాబట్టే మూడు రోజుల అవతల సూచనలో వాళ్లు ఊరి పేరు చెప్పరు, దక్షిణ కోస్తా అంటారు.

డిసెంబరులో ఇది మరీ కష్టం. వర్షాకాలంలో అల్పపీడనాన్ని తోసే గాలులు కాస్త స్థిరంగా ఉంటాయి. చలికాలంలో ఎత్తున వీచే పడమటి గాలులు దక్షిణానికి దిగి, కింద తూర్పు నుంచి వచ్చే గాలులతో తోపులాడతాయి. ఎవరిది పైచేయి అవుతుందో తేలే దాకా అల్పపీడనం ఎటూ కదలదు. 2024 డిసెంబరు మూడో వారంలో అదే జరిగింది. తమిళనాడు వైపు పోతుందనుకున్న అల్పపీడనం ఆంధ్ర తీరం ముందుకు వచ్చింది. 20వ తేదీకి వాయుగుండమైంది. అక్కడి నుంచి సముద్రంలోకే వెళ్లి, బలహీనపడి, మళ్లీ నైరుతికి తిరిగింది. క్రిస్మస్ దాకా కోస్తాలో మబ్బులు, జల్లులు, పగటి చలి సాగాయి. రోజుకో దిశ చెబుతున్నారని టీవీ చర్చల్లో శాఖను వెటకరించారు. రోజుకో దిశకు వెళ్లింది అది.

కాబట్టి నా పద్ధతి ఇలా ఉంటుంది. ఈ రోజు, రేపటి సూచనను నమ్మి పని పెట్టుకుంటాను. మూడు నుంచి అయిదో రోజు దాకా దిశను మాత్రం నమ్ముతాను, తేదీని కాదు. ఆ తర్వాతది చదువుతాను గానీ ఎవరికీ ఫోన్ చేసి చెప్పను.

పనల మీద వాన

అన్నయ్య ప్రశ్నకు వద్దాం. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఖరీఫ్ వరి కోతలు నవంబరు చివర మొదలై డిసెంబరంతా సాగుతాయి. పంచాంగంలో అనూరాధ కార్తె పోయి జ్యేష్ఠ కార్తె వచ్చే రోజులు. బంగాళాఖాతం సద్దుమణగకముందే పంట ఇంటికి రావాలి. ప్రతి ఏడూ పోటీ ఈ రెంటి మధ్యే.

వరి మూడు స్థితుల్లో ఉండొచ్చు. చేలో నిలబడి ఉంటే కొంత పడిపోయినా నీరు తీస్తే చాలావరకు దక్కుతుంది. కుప్ప వేసి పైన పట్టా కప్పితే భయం తక్కువ. అన్నిటికన్నా ప్రమాదం కోసి పనలు చేలో పరిచి ఉన్నప్పుడు. గింజ నీళ్లలో నానుతుంది, ముసురులో ఎండ ఉండదు, మూడో రోజుకు మొలక. అందుకే సూచన దక్షిణాన అల్పపీడనం, తూర్పు గాలి అంటుంటే అన్నయ్యకు నేను చెప్పేది ఒకటే. ఇవాళ కోసి ఇవాళే బస్తాకెత్తగలిగినంత మేరే కోయించు, మిగతాది నిలబడనీ. ఇప్పటికే పనలు తడిసి ఉంటే మొలక రాకుండా లీటరుకు 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన నీళ్లు చల్లమని వ్యవసాయ శాఖ ఏటా చెబుతుంది, చాలామంది చేస్తారు కూడా.

మిషనుకు వేరే లెక్క. చేను తడిస్తే టైరు మిషను దిగబడుతుంది, చైను మిషను కావాలి. దాని గంట రేటు ఎక్కువ. పైగా వాన వెలిసిన రోజున అందరికీ అదే కావాలి. ఆపైన కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం దాటకూడదు. ముసురు వారంలో కళ్లంలో ఆరబోసిన ధాన్యం రాత్రికి మళ్లీ తేమ పీల్చుకుంటుంది. వాన పడని రోజు కూడా నష్టమే. వాన ఎన్ని మిల్లీమీటర్లని టీవీ చెబుతుంది, ఎండ ఎన్ని గంటలని ఎవరూ చెప్పరు. మా అన్నయ్యకు కావాల్సింది రెండోది.

రొయ్యల చెరువుల వాళ్ల టెన్షన్ ఇంకోలా ఉంటుంది. మబ్బు పడితే చెరువులోని నాచు ప్రాణవాయువు తయారు చేయడం తగ్గిస్తుంది, నీరు చల్లబడితే రొయ్య మేత మానేస్తుంది. మేత తగ్గించి, ఏరియేటర్లు ఎక్కువసేపు తిప్పాలి. ఈదురు గాలికి కరెంటు పోయేది కూడా సరిగ్గా అప్పుడే.

అన్నిటికన్నా ముందు హెచ్చరిక అందేది మత్స్యకారులకు. తీరంలో ఇంకా ఎండ కాస్తుండగానే వేటకు వెళ్లొద్దంటారు, రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురుతుంది. ఆ సూచిక ఎగిరిన రోజున కూడా డాబా మీద నిలబడి "వానేదీ?" అని నవ్వేవాళ్లుంటారు. ఆ సూచిక సముద్రం కోసం. అక్కడ వానకన్నా ముందు అల లేస్తుంది.

వెలిసిన తర్వాత

వాన తగ్గిందని సూచన రాగానే అందరూ వదిలేస్తారు. నాకు మాత్రం వారంలో అసలు కీలకం అక్కడే అనిపిస్తుంది. అల్పపీడనం నేల మీదికి వచ్చి బలహీనపడ్డాక, లేదా పైకి వెళ్లిపోయాక, మబ్బు చీలుతుంది. ఉత్తర గాలికి దారి తెరుచుకుంటుంది. నేల తడిగా ఉంది, ఆకాశం తేటగా ఉంది, గాలి తగ్గింది. అంటే దుప్పటి తీసేశారు, పైగా పరుపు తడిసింది. మొదటి రాత్రి కొంచెమే దిగుతుంది. రెండు మూడు రాత్రుల్లో ఉట్నూరులో ఉష్ణోగ్రత మళ్లీ ఒక అంకెకు రావచ్చు. హైదరాబాద్‌లో డిసెంబరు సగటు కనిష్ఠం 15 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఇలాంటి రాత్రుల్లో శివార్లలో దానికి బాగా కిందికి పోతుంది. ముసురులో పెరగని తేడా అంతా ఇప్పుడు బయటికి వస్తుంది. పగలు 28, రాత్రి 12. పిల్లలకు దగ్గు, జలుబు మొదలయ్యేది ఎక్కువగా ఈ రోజుల్లోనే అని మా వీధి మందుల షాపాయన అంటాడు. ఆయన అమ్మకాల లెక్క ముందు నా లెక్క నిలవదు.

ఇంకొకటి పొగమంచు. తడి నేల నుంచి లేచిన తేమ, చల్లబడిన గాలిలో, గాలి కదలని తెల్లవారుజామున నేలబారుగా మబ్బు కడుతుంది. కృష్ణా, మూసీ పక్కన, చెరువుల దగ్గర మరీ చిక్కగా ఉంటుంది. విజయవాడ హైవే మీద రాత్రి బస్సుల వాళ్లకు వాన రోజుల కన్నా ఈ రోజులంటేనే భయం. వాన శబ్దం చేస్తుంది, మంచు చేయదు.

పోయిన డిసెంబరులో అన్నయ్య అలాంటి ఉదయమే ఫోను చేశాడు. వాన వెలిసి మూడో రోజు. "ఒరే, ఎదురుగా కళ్లంలో పట్టా కూడా కనపడట్లేదు. ఇంత మంచు పడితే ఎండ గట్టిగా కాస్తుందంటారు కదా?" కాస్తుంది. తేటగా ఉన్న ఆకాశం కిందే ఆ మంచు పడుతుంది మరి. తొమ్మిదిన్నర దాకా ఆగి, మంచు విడిచాక పట్టా తీయమన్నాను. తొమ్మిదికే తీశాడు.